ప్రశ్నలు మీవి, తుపాకులు పాతవి

కిందటి సంచికలో ఓక్లహోమా రాష్ట్రంలోని మా తల్సా ఊళ్లో ఏడాదికి రెండుసార్లు జరిగే తుపాకుల సంత గురించి, అక్కడ బల్లల మీద మెరిసే స్మారక వించెస్టర్ల గురించి పేజీన్నర రాశాను. దానికి ఇన్ని ఉత్తరాలొస్తాయని అనుకోలేదు. "తెనాలివాడివి, నీకీ పిచ్చి ఎక్కడిదయ్యా" అని ఇద్దరు తిట్టారు కూడా. వాళ్లకి జవాబు మా ఆవిడ ముప్పై ఏళ్లుగా చెప్తూనే ఉంది, వాళ్ల పక్షానే. మిగతా ఉత్తరాల్లోంచి ఆరు తీసుకున్నాను.

ఆ వ్యాసం చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1894లో జాన్ బ్రౌనింగ్ డిజైన్‌తో వించెస్టర్ కంపెనీ తెచ్చిన మోడల్ 94 అనే లీవర్ రైఫిల్ (కింద ఉంగరంలా ఉండే పిడిని ఆడించి ఒక్కో తూటా ఎక్కించేది) 70 లక్షలకు పైగా తయారైంది. అమెరికాలో జింకల వేటకి వెళ్లే ఇంట్లో చీపురుకట్టలాగా ఇదొకటి ఉండేది. 1964 నుంచి కంపెనీ ఇదే తుపాకికి బంగారు పూతో నికెల్ పూతో వేసి, వెనక చెక్కలో ఒక బిళ్ల పొదిగి, ఏదో రాష్ట్రం పండగ పేరో, చనిపోయిన పెద్దమనిషి పేరో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. వీటినే స్మారక రైఫిళ్లు అంటున్నాను. నా దగ్గర పదకొండు ఉన్నాయి.

ప్రశ్న: అంకుల్ గారూ, నమస్తే. నేను హెచ్ వన్ బీ వీసా మీద ఉన్నాను. రిటైర్ అవుతున్న మా మేనేజర్ తన దగ్గరున్న జాన్ వేన్ (పాత హాలీవుడ్ కౌబాయ్ హీరో) స్మారక రైఫిల్ నాకు గిఫ్ట్‌గా ఇస్తానంటున్నాడు. డబ్బాలోంచి తీయనిది. నేను కాల్చను, గోడకి పెట్టుకుంటాను అంతే. తీసుకోవచ్చా?
ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: ముందు ఆ రైఫిల్‌ని ఆయన ఇంట్లోనే ఉండనివ్వు బాబూ. తర్వాత మాట్లాడుకుందాం.

ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే కొంతకాలానికే ఇచ్చే వీసా, మీద వచ్చినవాళ్ల దగ్గర తుపాకి ఉండకూడదు. హెచ్ వన్ అయినా, ఎల్ వన్ అయినా, చదువుకునే ఎఫ్ వన్ అయినా ఒకటే. కొనడం ఒక్కటే తప్పనుకుంటారు మనవాళ్లు. దగ్గర ఉంచుకోవడమే తప్పు. గిఫ్టైనా, గోడకి తగిలించినా, డబ్బా సీలు తీయకపోయినా చట్టం కంటికి అది పనిచేసే తుపాకే. స్మారకం అనే మాటకి చట్టంలో ఏ దయా లేదు.

దీనికి కొన్ని మినహాయింపులున్నాయి. మనలాంటివాళ్లకి పనికొచ్చేది ఒకటే: అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు దాటని వేట లైసెన్సు ఉండటం. అందుకే మన కుర్రాళ్లు కొందరు జింక మొహం ఎప్పుడూ చూడకపోయినా వేట లైసెన్సు తీసుకుంటారు. అది చట్టం ఇచ్చిన దారే, నేను కాదనను. కానీ లైసెన్సు గడువు ఆగస్టు 31న అయిపోయి, నువ్వు సెప్టెంబరు మూడున గుర్తొచ్చి మళ్లీ తీసుకున్నావనుకో, మధ్యలో ఆ రెండు రోజులు నువ్వు నేరస్తుడివి. తుపాకి కేసు అంటే జైలూ జరిమానాతో పోదు, వీసా, గ్రీన్ కార్డు అన్నీ దానికి ముడిపడి ఉంటాయి. ఒక బిళ్ల పొదిగిన చెక్కముక్క కోసం అంత టెన్షన్ దేనికి?

"మా ఫ్రెండ్‌కి గ్రీన్ కార్డుంది, వాడి పేరు మీద కొని నా దగ్గర పెట్టుకుంటా" అనే తెలివి మాత్రం ఎవరికీ వద్దు. డీలర్ దగ్గర నింపే 4473 ఫారంలో అసలు కొనేది నువ్వేనా అనే ప్రశ్న ఉంటుంది. దానికి అబద్ధం రాస్తే ఇద్దరూ ఇరుక్కుంటారు.

నేను 1985లో వచ్చాను, మొదటి రైఫిల్ కొన్నది 1994లో, గ్రీన్ కార్డు చేతికొచ్చిన ఏడాది తర్వాత. ఆ తొమ్మిదేళ్లూ క్లేర్‌మోర్‌లోని జె.ఎం. డేవిస్ మ్యూజియానికి వెళ్లి అద్దాల్లోంచి చూసుకునేవాణ్ణి. మాకు అరగంట దూరం. ఒక హోటల్ యజమాని జీవితమంతా పోగేసిన సరుకు, పన్నెండు వేలకు పైగా తుపాకులు. నువ్వూ చూసుకో, ఒకసారి ఇటు రా. మీ మేనేజర్‌ని మాత్రం ఆ రైఫిల్ దాచి ఉంచమను, నీ గ్రీన్ కార్డు వచ్చాక ఇమ్మను. ఆయనకి అంత ఓపిక ఉంటే అదే నిజమైన గిఫ్టు. ఈలోగా ఏ నిర్ణయమైనా ఇమిగ్రేషన్ లాయరుని అడగకుండా తీసుకోకు. పత్రికలో కాలమ్ రాసే ముసలాడి మాట కోర్టులో చెల్లదు.

ప్రశ్న: మావారు నాలుగేళ్లలో ఏడు స్మారక రైఫిళ్లు కొన్నారు. అన్నీ "లిమిటెడ్ ఎడిషన్" అట, పాప కాలేజీకి వెళ్లేసరికి రెట్టింపవుతాయట. మాకు సిటిజన్‌షిప్ ఉంది, చట్టం గొడవ లేదు. నిజంగా పెరుగుతాయా? జాబితా పంపుతున్నాను.
కేటీ, టెక్సస్

జవాబు: జాబితా చూశానమ్మా. మీవారికి రుచి ఉంది, లెక్క తక్కువ.

లిమిటెడ్ అంటే ఎంత లిమిటెడ్ అని అడగాలి. మీ జాబితాలో మొదటిది, వించెస్టర్ వందేళ్ల పండగకి చేసిన 1966 సెంటెనియల్, లక్ష పైన చేశారు. రెండోది 1968 బఫెలో బిల్, వైల్డ్ వెస్ట్ ప్రదర్శనలు నడిపిన వేటగాడి పేరు మీదిది, అదీ లక్ష దాటింది. 1967 కెనడా శతాబ్ది రైఫిల్ దాదాపు 90 వేలు. 1969 గోల్డెన్ స్పైక్ దాదాపు 70 వేలు. లక్షమంది దగ్గరున్న వస్తువు అరుదైనదెలా అవుతుంది? పైగా మామూలు తుపాకి అయితే వానలో తడుస్తుంది, పగులుతుంది, తుప్పుపట్టి కొంత లెక్క తగ్గుతుంది. వీటిని కొన్న లక్షమందీ మీవారిలాగే ఆలోచించి అట్టపెట్టెలో అలాగే దాచారు. అరవై ఏళ్ల తర్వాత ఆ లక్షా లక్షలాగే ఉన్నాయి, ఇప్పుడు వాళ్ల పిల్లలు ఒక్కొక్కటే సంతకి తెస్తున్నారు.

జాన్ వేన్ రైఫిల్ లెక్క చూడండి. ఆయన 1979లో పోయారు, రైఫిల్ 1981లో వచ్చింది, దాదాపు 50 వేలు. కొత్తగా దాని ధర 600 డాలర్లు. ఆనాటి 600 అంటే ధరల పెరుగుదల లెక్కేస్తే ఇవాళ రెండు వేల పైమాటే. మా సంతలో దానికి రెండు వేలు అడిగేవాణ్ణి చూశాను గానీ, అడిగినంత ఇచ్చి పట్టుకెళ్లేవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు. అంటే నలభై ఏళ్లు బీరువాలో పెట్టి కాపలా కాసినవాడికి మిగిలింది కాపలా కాసిన పుణ్యం. ఆ డబ్బు బ్యాంకులో ఊరికే పడేసినా ఇంతకంటే నయం.

2006లో వించెస్టర్ వాళ్ల న్యూ హేవెన్ కార్ఖానా మూతపడినప్పుడు కొన్నాళ్లు ధరలు ఎగిరాయి. అప్పుడు అమ్ముకున్నవాళ్లు అమ్ముకున్నారు. ఇప్పుడు మోడల్ 94 జపాన్‌లో మిరోకు వాళ్లు చేస్తున్నారు, బాగా చేస్తున్నారు కూడా.

మీ జాబితాలో ఒక్కటి మాత్రం నా కంట పడింది: 1964 వయోమింగ్ డైమండ్ జూబిలీ. అది చేసింది సుమారు 1,500 మాత్రమే. దాన్ని అమ్మొద్దనండి. అమ్మితే నాకు చెప్పండి. నిజానికి నేను ఇరవై ఏళ్లుగా వెతుకుతున్నది 1982 ఓక్లహోమా డైమండ్ జూబిలీ, మా రాష్ట్రం పుట్టిన 75 ఏళ్లకి చేసింది, సుమారు వెయ్యి మాత్రమే. బల్ల మీద రెండుసార్లు కనపడింది. రెండుసార్లూ మా ఆవిడ పక్కనే ఉంది.

ఇంకో మాట. దాచుకున్న రైఫిల్‌కి విలువ ఉండాలంటే అట్టపెట్టె, దాని చుట్టూ ఉండే రంగుల తొడుగు, కాగితాలు, అన్నీ ఉండాలి. పెట్టె లేకపోతే ధర గబుక్కున పడుతుంది. మీవారు జాగా చాలట్లేదని పెట్టెలు పారేసి ఉంటే ఆ సంగతి ఆయనకి మీరే మెల్లగా చెప్పండి, నేను చెప్పలేను. ఇంటి ఇన్సూరెన్సులో తుపాకుల దొంగతనానికి ఒక పరిమితి ఉంటుంది, అదెంతో కూడా చూసుకోండి. ఏడు రైఫిళ్లకి సాధారణంగా చాలదు.

ప్రశ్న: సార్, నేను ఎం.ఏ. చరిత్ర చదువుతున్నాను. మీ వ్యాసంలో బఫెలో బిల్, జాన్ వేన్, రైలు కంపెనీలు అన్నీ వచ్చాయి. ఆ నేల అసలు ఎవరిదో వాళ్ల జ్ఞాపకానికి రైఫిల్ ఉందా? ఉంటే వాళ్లకి అది గౌరవమా, అవమానమా?
వరంగల్

జవాబు: ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో నన్ను రెండు రోజులు కూర్చోబెట్టింది ఇదే.

ఉన్నాయి. 1976లో లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధానికి వందేళ్లని ఒక రైఫిల్ చేశారు, 11 వేలు. ఆ యుద్ధం కథ మీకు తెలిసే ఉంటుంది. 1876 జూన్ 25న మోంటానాలో లకోటా, షయెన్ తెగల వీరుల చేతిలో అమెరికా సైన్యాధికారి కస్టర్ దళం తుడిచిపెట్టుకుపోయింది. వినడానికి విచిత్రంగా ఉంటుంది గానీ, ఆ రోజు అమెరికా సైనికుల చేతుల్లో ఉన్నవి ఒక్కో గుండు పెట్టి కాల్చుకునే స్ప్రింగ్‌ఫీల్డ్ కార్బైన్లు. చకచకా కాల్చే హెన్రీ, వించెస్టర్ లీవర్ రైఫిళ్లు కొన్ని ఉన్నది అవతలి పక్షం దగ్గర. 1983లో అక్కడి గడ్డి తగలబడి నేల బయటపడ్డాక తవ్వకాలు చేస్తే, తెగల వీరులు నిలబడి కాల్చిన చోట్ల ఆ తూటాల ఇత్తడి డొల్లలు బోలెడు దొరికాయి. అంటే వందేళ్ల తర్వాత వించెస్టర్ కంపెనీ చేసిన స్మారకం, ఆ రోజు వించెస్టర్ పట్టుకున్నవాళ్లు గెలిచిన యుద్ధానిది. కొన్నవాళ్లలో ఎంతమంది అలా అనుకుని కొన్నారో మరి. నేనైతే అలాగే అనుకుని కొన్నాను.

1983లో, ఆ యుద్ధంలో పోరాడిన లకోటా నాయకుడు చీఫ్ క్రేజీ హార్స్ పేరుతో ఇంకోటి వచ్చింది, 19,999. దాని చెక్క మీద ఇత్తడి మేకులు వరసగా దిగ్గొట్టి ఉంటాయి. మైదానాల తెగలవాళ్లు తమ తుపాకులకి అలా మేకులు కొట్టి అలంకరించుకునేవారు, మన ఊళ్లో బండి కాడికి ఇత్తడి పువ్వులు కొట్టినట్టు. నా పదకొండింటిలో చేత్తో తడమాలనిపించేది అదొక్కటే. కానీ క్రేజీ హార్స్ చచ్చిపోయింది ఎలా? 1877లో లొంగిపోయిన తర్వాత, నెబ్రాస్కాలో ఫోర్ట్ రాబిన్సన్ దగ్గర, నిర్బంధించబోతుంటే పెనుగులాటలో బాయ్‌నెట్ దిగి. ఆయన పేరు మీద నూరేళ్ల తర్వాత ఇరవై వేలకి ఒకటి తక్కువ తుపాకులు అమ్మారు. ఇది గౌరవమా అవమానమా అంటే, నా వరకు రెండూ. ఏ పాలు ఎక్కువో చెప్పాల్సింది ఆయన జనం, తెనాలి నుంచి వచ్చిన నేను కాదు.

గోల్డెన్ స్పైక్ సంగతీ ఇంతే. 1869 మే 10న యూటాలో ప్రామంటరీ సమ్మిట్ దగ్గర తూర్పు నుంచి వచ్చిన పట్టాలూ పడమర నుంచి వచ్చిన పట్టాలూ కలిశాయి, బంగారు మేకు పెట్టారు. పడమటి వైపు పట్టాలు వేసినవాళ్లలో ఎక్కువమంది చైనా కూలీలు, పది వేలకు పైనే. మంచులో, కొండలు పేల్చే మందుపాతరల్లో ఎంతమంది పోయారో లెక్కే లేదు. రైఫిల్ పేరులో మేకు ఉంది, కొండలు తవ్వినవాళ్లు లేరు. మన దగ్గర ఆనకట్టల శిలాఫలకాల మీద ఎవరి పేర్లుంటాయో గుర్తుతెచ్చుకోండి.

మీరు దీని మీద డిసర్టేషన్ రాస్తే నాకు ఒక కాపీ పంపాలి.

ప్రశ్న: సినిమాల్లోలా ఆ లీవర్ పట్టుకుని రైఫిల్‌ని ఒంటిచేత్తో గిర్రున తిప్పొచ్చా?
ఏలూరు, తొమ్మిదో తరగతి

జవాబు: తిప్పొచ్చు, వేళ్లు విరుగుతాయి నాన్నా. సినిమాల్లో తిప్పేవాటికి లీవర్ ఉంగరం పెద్దదిగా చేయిస్తారు. మామూలు ఉంగరంలో నాలుగు వేళ్లు పట్టడమే కష్టం. లీవర్ కిందికి లాగితే కాలిన డొల్ల బయటికి ఎగురుతుంది, పైకి మూస్తే గొట్టం కింద వరసలో ఉన్న తూటాల్లోంచి కొత్తది లోపలికి వెళ్తుంది. ఆ కింది గొట్టంలో తూటాలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి కాబట్టి మొన మొద్దుగా ఉన్నవే వాడతారు. కోసుగా ఉంటే వెనకదాని మొన ముందుదాని అడుగున గుచ్చుకుని లోపలే పేలొచ్చు. నువ్వు బాగా చదువుకో, తిప్పడం కర్రతో ప్రాక్టీసు చెయ్యి.

ప్రశ్న: వచ్చే ఏడాది శాశ్వతంగా హైదరాబాదు వచ్చేస్తున్నాం. నా దగ్గర రెండు స్మారక రైఫిళ్లున్నాయి. కంటైనర్‌లో సామానుతోపాటు పంపొచ్చా?
చార్లెట్, నార్త్ కరొలినా

జవాబు: వద్దండి. ఇక్కడ ఎగుమతి లైసెన్సు కావాలి, అక్కడ 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి, అది ఉన్నా మామూలు మనిషి విదేశం నుంచి తుపాకి తెచ్చుకోవడం చాలా కష్టం. గుర్తింపు పొందిన షూటింగ్ క్రీడాకారుల దారి వేరు. సోఫాల మధ్య చుట్టి పంపితే పట్టుకోరనే సలహా ఎవరైనా ఇస్తే వాళ్లతో స్నేహం తగ్గించుకోండి. ఇక్కడే డీలరుకి అమ్మేయండి.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. ఈ రైఫిళ్లతోపాటు స్మారక తూటాల పెట్టెలు కూడా అమ్మేవారు. జ్ఞాపకంగా ఒక్క తూటా తాళాల గుత్తికి తగిలించుకున్నా, బ్యాగు అడుగున మర్చిపోయినా, శంషాబాద్ స్కానర్‌లో కనపడితే ఆయుధాల చట్టం కింద కేసే. సామాను సర్దేముందు పాత బ్యాక్‌ప్యాకులన్నీ తిరగేసి దులపండి.

ప్రశ్న: బాబాయి గారూ, మావారికి వాళ్ల ఆఫీసులో పెద్దాయన 1966 సెంటెనియల్ అమ్మారు. బంగారంలా ధగధగలాడుతోంది. దసరాకి ఆయుధ పూజలో పెట్టి, కుంకుమ బొట్టు పెడదామని అత్తయ్య గారు అంటున్నారు. పెట్టొచ్చా? ముందు ఎలా తుడవాలి?
ఆల్ఫరెట్టా, జార్జియా

జవాబు: అమ్మా, ఈ ప్రశ్న అడగాల్సిన మనిషినే అడిగారు.

1998 దసరాకి మా అమ్మ తెనాలి నుంచి వచ్చి మా దగ్గరుంది. నేను ఆఫీసుకి వెళ్లాను. ఆవిడ పూజకి కారు కడిగించింది, కుట్టుమిషను తుడిచింది, కత్తిపీట లేదని చాకులు పేర్చింది. మంచం మీద నా సెంటెనియల్ కనపడింది. అప్పట్లో నాకు ఇనప బీరువా లేదు, ఆ తప్పు నాదే. పసుపుపచ్చగా మెరుస్తున్న ఆ మధ్యభాగం చూసి ఆవిడ ఇత్తడి అనుకుంది. అనుకోవడంలో తప్పేం లేదు, 1866లో దీని ముత్తాత మధ్యభాగం ఇత్తడిలాంటి లోహమే, దాన్ని ఎల్లో బాయ్ అనేవారు. ఇది మాత్రం ఉక్కు మీద పలచటి బంగారు పూత. ఆవిడ చింతపండు నానబెట్టి, కాస్త ముగ్గు వేసి, కుందులు తోమినట్టు తోమేసింది. సాయంత్రం నేను వచ్చేసరికి మూడు చోట్ల బొట్లు పెట్టి, దండేసి, నిమ్మకాయ పెట్టి ఉంది. "ఎంత మసి ఉందిరా దీని మీద, ఇప్పుడు చూడు" అంది.

అంచుల దగ్గర బంగారం పోయి తెల్లటి ఉక్కు కనిపిస్తోంది. స్క్రూల సందుల్లోకి పులుపు దిగి వారానికి ఎర్రగా తుప్పు తేలింది. మా సంతలో మరమ్మతులు చేసే పెద్దాయన దాన్ని తిప్పి తిప్పి చూసి, మళ్లీ పూత వేయించొద్దన్నాడు. కొత్త పూత కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది, అప్పుడు ఉన్న విలువా పోతుంది. పోనీ పూత గీకేసి నల్లరంగు ఎక్కిద్దామన్నా 1964 తర్వాత వాడిన ఆ ఉక్కు సరిగా పట్టనివ్వదు, ఊదారంగుకి తిరుగుతుంది. అలాగే ఉంచాను. బిళ్ల గాడిలో కుంకుమ ఇప్పటికీ కాస్త ఉంది. కొనడానికి వచ్చినాయన ఒకడు భూతద్దం పెట్టి చూసి, ఇదేం తుప్పు, ఇంత ఎర్రగా ఉంది అని అడిగాడు. మా అమ్మ అన్నాను. అతనికి అర్థం కాలేదు.

మీకు చెప్పాల్సింది ఇది. ముందు లోపల తూటా లేదని మీవారి చేత రెండుసార్లు చూపించుకోండి. మెత్తటి నూలుగుడ్డ మీద రెండు చుక్కల తుపాకి నూనె వేసి, రుద్దకుండా అద్దినట్టు తుడవండి. ఇత్తడి పాలిష్, వెండి పాలిష్, నిమ్మకాయ, చింతపండు ఏవీ దాని గదిలోకే రానివ్వొద్దు. వేలిముద్ర పడితే అప్పుడే తుడిచేయండి, చెమట ఉప్పు వారంలో మచ్చ తెస్తుంది. తోలు సంచిలో ఎక్కువకాలం ఉంచకండి, తోలు తేమ పట్టి ఉక్కుని తింటుంది. ఊరికే సరదాకి లీవర్ ఆడించకండి, లోపల గీతలు పడతాయి, కొనేవాళ్లు మొదట వెతికేది వాటినే. పిల్లలుంటే తాళం తప్పనిసరి.

పూజలో పెట్టండి, తప్పేం లేదు. అత్తయ్య గారి మాట కొట్టేయొద్దు. కుంకుమ మాత్రం తుపాకికి కాకుండా దాని అట్టపెట్టెకి పెట్టండి అందామనుకున్నాను గానీ, పైన కేటీ ఆవిడకి చెప్పాను కదా, పెట్టె పాడైతే ధర పడుతుంది. బీరువా తలుపుకి పెట్టించండి.